స్టీరింగ్‌లో వచ్చిన ప్లే



యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయంలో నాలుకను గూర్చి చెబుతూ గుర్రపు కళ్లెమును, ఓడ చుక్కానిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఓడ ఎంత పెద్దదైనా, గాలి ఎంత గట్టిగా కొట్టినా, దానిని తిప్పేది చిన్న చుక్కానే. మన జి.కొండూరు వైపు ఓడలు లేవు, పికప్ బండ్లున్నాయి. అందుకని ఈ వారం ఒక పికప్ స్టీరింగ్ గురించి రాస్తున్నాను. బండి తోలే సహోదరులు జాగ్రత్తగా చదవండి. తోలనివారూ చదవండి, సంగతి బండితో ఆగదు.

మన సంఘంలో ఒక యౌవన సహోదరునికి పాత పికప్ ఉంది. మామిడి కాలంలో తోటల నుండి నున్న మార్కెట్‌కు కాయ తోలుతాడు. మిగతా రోజుల్లో ఇటుక, సిమెంటు, గడ్డి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు అదే బండి మీద బియ్యం, మంచినీళ్ల డబ్బాలు వేసుకుని నీళ్లలో తిరిగాడు. ఆ తర్వాతి వేసవికి బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. మైలవరం రోడ్డులో ఎదురుగా టిప్పరు వస్తే పక్కన కూర్చున్న భార్యకు ప్రాణం పోయినంత పని అయ్యేది.

"అయ్యగారూ, మీరైనా చెప్పండి. సీజను అయ్యాక చూద్దాంలే అంటున్నాడు" అని ఆమె నాతో అన్నది.

అతని మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఏడాది మొత్తానికి నాలుగు డబ్బులు మిగిలేది ఏప్రిల్, మే నెలల్లోనే. బండి షెడ్డులో ఉంటే కిరాయి పోతుంది, ఫైనాన్సు కిస్తీ ఆగదు. పైగా, "నా చేతికేం తేడా తెలియట్లేదండీ అయ్యగారూ, బాగానే తిరుగుతోంది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. నిజంగానే అతని చేతికి తెలియలేదు.

ఇద్దరం విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లాం. అక్కడి పెద్ద మేస్త్రి బండిని గుంట మీద ఆపించి నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. "అయ్యగారూ, స్టీరింగ్ కొంచెం ఇటూ అటూ ఆడించండి, ఎక్కువ తిప్పొద్దు. తమ్ముడూ, నువ్వు కిందికి దిగి చూడు" అన్నాడు. సీట్లో ఉన్న నాకు ఏమీ తెలియలేదు. కింద ఉన్న తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పైకి వచ్చి, "చక్రం కదిలేలోపు మూడు చోట్ల ఆడుతోందండీ" అన్నాడు.

స్టీరింగ్‌కూ చక్రానికీ మధ్య చాలా కీళ్లున్నాయి. స్టీరింగ్ బాక్స్, దాని ఆర్మ్, లింకు రాడ్లు, టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు. ఒక్కోచోట అరుగుదల వెంట్రుకవాసే. అన్నీ కలిసేసరికి స్టీరింగ్ రెండు వేళ్ల మందం తిరిగినా చక్రం కదలదు. దీన్నే ప్లే అంటారు. ఎండ్ల మీద ఉండే రబ్బరు తొడుగులు చిరిగి, వరద నీళ్లకు లోపలి గ్రీజు పోయి, బురద చేరింది. ఆ బురదే మెల్లగా ఇనుమును తినేసింది. ఒక్కరోజులో రాలేదు గనుక చెయ్యి దానికి అలవాటు పడిపోయింది.

మేస్త్రి తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపాడు. గడియారంలో 9, 3 ఉండే చోట రెండు చేతులూ పెట్టి ఊపితే టై రాడ్ లూజు బయటపడింది. 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపితే బాల్ జాయింటో, చక్రం బేరింగో చెబుతుందట. ఆ పరీక్షకు ఖరీదైన మిషను ఏమీ అక్కరలేదు, ఊపి చూసే మనిషి కావాలి.

మనవాడు అడిగాడు, "అన్నా, బాక్స్ మీద స్క్రూ బిగిస్తే సరిపోదా?" మేస్త్రి నవ్వాడు. "బిగిస్తే స్టీరింగ్ బిర్రుగా అవుతుంది, నీకు బాగైనట్టే ఉంటుంది. కానీ మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రాదు. కీళ్లలో లూజు అలాగే ఉంటుంది." వంగిన రాడ్డును వేడి చేసి సాపు చేయమంటే దానికీ ఒప్పుకోలేదు. కాల్చిన రాడ్డు బలాన్ని నమ్మలేం, మార్చాల్సిందే అన్నాడు. వెనుక కమానుకు అదనంగా ఒక పట్టా వేయించి గట్టిచేశానని మనవాడు చెబితే, "బరువు మోసేది వెనక, దారి చూపేది ముందు. వెనక మరీ ఎక్కువ వేస్తే ముందు తేలిపోతుంది, ఇక చక్రాలు నేలను పట్టవు" అన్నాడు.

చివరికి రెండు వైపులా ఎండ్లు, బాల్ జాయింట్లు మార్చారు. నట్టు బిగించాక దాని గాడిలోంచి చిన్న కాటర్ పిన్ దూర్చి చివరలు వంచారు. పాత పిన్ను మళ్లీ వాడలేదు. మన తాతల ఎడ్లబండికి ఇరుసు చివర సీల ఎలాగో ఇది అలాగ. సీల ఊడితే చక్రం ఊడుతుంది. వాళ్లు కందెన పెట్టినట్టే ఇక్కడ గ్రీజు కొట్టారు. అన్నీ అయ్యాకనే అలైన్‌మెంట్. కీళ్లు వదులుగా ఉండగా అలైన్‌మెంట్ చేయిస్తే మొదటి గుంట దాకానే నిలుస్తుంది.

రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల కాయ వేరే బండ్లు తోలాయి. ఒక తోట ఆసామి ఆ సీజనంతా మళ్లీ ఇతన్ని పిలవలేదు. ఆ నెల కిస్తీ ఆలస్యమైంది. మంచి పని చేస్తే నష్టం రాదని నేను మీకు చెప్పను. వచ్చింది. కానీ అతడు, అతని భార్య, పిల్లలు ఇవాళ మన మధ్య ఉన్నారు.

ప్రియులారా, స్టీరింగ్ పట్టుకున్నవాడికి లూజు కనబడదు. కింద ఉండి చూసేవాడికి కనబడుతుంది. 139వ కీర్తన చివర దావీదు, తన హృదయం తనకే తెలుసని అనలేదు. తనను పరిశోధించమని దేవునినే వేడుకున్నాడు. అంత భక్తుడికే వేరొకరి చూపు కావలసివస్తే మనకు అక్కరలేదా?

మనలో లూజు కూడా పెద్ద పాపంగా మొదలవదు. ఇస్తానన్న రోజుకు ఇవ్వని బాకీ, తూకంలో చిన్న తేడా, తప్పిపోయిన కుటుంబ ప్రార్థన. ఒక్కోటి వెంట్రుకవాసే. అది బయటపడినప్పుడు మనం చేసేది తరచుగా ఆ స్క్రూ బిగించడమే. మన మాటలో నిజం సరిచేసుకోము గానీ ఇంట్లో పిల్లల మీద కట్టుబాట్లు బిగిస్తాము. ఇల్లు బిర్రుగా అవుతుంది, సరి కాదు.

ఇంకొక సంగతి. గలతీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో, తప్పిన సహోదరుని సరిచేయమని పౌలు చెప్పినచోట గ్రీకులో వాడిన క్రియాపదమే, జెబెదయి కుమారులు వలలు బాగుచేసుకుంటున్నారని మత్తయి రాసినచోట కూడా ఉంది. చిరిగిన వలను ఎవరూ తిట్టరు, పారేయరు. ఒళ్లో వేసుకుని కన్ను కన్నూ కడతారు. ఆ మేస్త్రి కూడా మనవాణ్ణి ఒక్క మాట అనలేదు. మన సంఘంలో లూజు చూపించేవారు అలా ఉండాలి.

కాబట్టి ఈ వారం రెండు పనులు చేయండి. బండి ఉన్నవారు చక్రం లేపి ఊపి చూపించుకోండి, సరుకు బండిలో మనుషులను ఎక్కించకండి. అందరమూ, మనల్ని దగ్గర నుండి చూసే ఒక్కరిని, భార్యనో, భర్తనో, తోటి విశ్వాసినో, "నాలో ఎక్కడ ఆడుతోంది?" అని అడుగుదాం. వాళ్లు చెబుతుండగా మధ్యలో మాట్లాడకుండా విందాం.

మీ ప్రయాణాలన్నిటిలో ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.