బండి మార్చాలట!

మా వూళ్ళో పలకరింపుల తీరే మారిపోయింది. పూర్వం బజారులో ఎవరైనా ఎదురుపడితే "బాగున్నారా సారూ?" అనేవారు. ఇప్పుడు "బండి బాగున్నదా సారూ?" అంటున్నారు. నా ఆరోగ్యంతో ఎవరికీ నిమిత్తం లేదు. దాని ఆరోగ్యమే నా ఆరోగ్యమని ఏటూరునాగారం యావత్తూ తీర్మానించుకున్నట్టుంది.

బండి అంటే ఎడ్లబండి కాదు లెండి, కారే. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఇక్కడ ఒక్కమాట. మనకు కారూ బండే, స్కూటరూ బండే, రైలూ బండే. నొగ, కాడి, ఇరుసు - ఈ మాటలకు క్లాసులో బొమ్మ గీసి అర్థం చెప్పవలసి వస్తున్నది గాని, 'బండి' అనే మాట మాత్రం ఎక్కడ చక్రం కనిపిస్తే అక్కడ ఎక్కి కూర్చుంది. అంత గట్టి బండి మా ఇంటి ముందు కూడా వుండివుంటే ఇదంతా రాసే అవసరం నాకు కలిగేది కాదు.

మాది 2010లో రిజిస్టరయిన చిన్న పెట్రోలు కారు. చేసిన కంపెనీ పేరు చెప్పను. పదిహేనేళ్ళు మమ్మల్ని మోసినదాన్ని అవసానకాలంలో పేరుపెట్టి నిందించడం మర్యాద కాదు గదా. నంబరు ఏపీ 36తో మొదలవుతుంది. అంటే ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్లు జిల్లా అన్నమాట. 2014లో రాష్ట్రం వేరయింది. 2016 అక్టోబరులో మా మండలం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా అయింది. వేపచెట్టు కింద నిలబడ్డ బండి నిలబడ్డట్టే మూడు జిల్లాలు తిరిగింది. ఆ ప్రయాణాల్లో మాత్రం అది ఒక్కసారీ దారిలో ఆగలేదు.

రోగాలు ఒకటొకటిగా వచ్చాయి. మొదట సెల్ఫు. పొద్దున్నే తాళం తిప్పితే దగ్గి వూరుకునేది. కాలేజీకి పోయే కుర్రాళ్ళు నలుగురు నవ్వుకుంటూ వచ్చి నెట్టేవారు. అటెండెన్సు విషయంలో వాళ్ళతో కఠినంగా వుండడం నాకు ఆ తరువాత కష్టమైపోయింది. పిమ్మట రేడియేటరు కారడం మొదలైంది. ఆ తరువాత ఎలుకలు. అడవి పక్క వూరు. వానాకాలంలో వాటికి వెచ్చగా నిద్రపోవడానికి మా ఇంజను కంటే మంచి చోటు దొరకలేదు కాబోలు, పడుకున్న కృతజ్ఞతకు వైర్లు కొరికి పోయేవి. చివరకు వెనుకనుంచి నీలంపొగ.

మా మెకానికు వయసులో నాకంటే చిన్నవాడు, హస్తవాసిలో ధన్వంతరి. బానెట్టు ఎత్తి, చెవి వొగ్గి విని, "సారూ, ఇంజను బోరుకొచ్చింది" అన్నాడు. పిస్టను ఆడే గొట్టం ఏళ్ళ తరబడి అరిగి వెడల్పయితే, ఆయిలు ఆ సందుల్లోంచి పైకెక్కి పెట్రోలుతోపాటు తానూ మండుతుంది. ఆ పొగే నీలంపొగ. నా పాఠాలకు కూడా పిల్లలు 'బోరు' అనే మాటే వాడతారని విన్నాను. ఆ బోరుకు ఖర్చు లేదు. దీనికి ముప్ఫయ్యయిదు వేలవుతుందన్నాడు.

ఇంతవరకూ నవ్వుతూనే భరించాం. నవ్వు ఆగిపోయింది ఒక మాఘమాసపు సాయంత్రం.

బాపు గుండెకు స్టెంటు వేసి రెండేళ్ళయింది. నెలకోసారి హనుమకొండలో డాక్టరుకు చూపించాలి. పోను నూరు కిలోమీటర్ల పైచిలుకు, రాను అంతే. ఆనాడు ఆసుపత్రిలో ఆలస్యమై, ములుగు దాటేసరికే చీకటి పడింది. పస్రా దాటి తాడ్వాయి అడవిలో ప్రవేశించాం. హెడ్‌లైట్ల వెలుతురు పాలిపోయింది. చూస్తూండగానే పసుపుపచ్చనై, దీపం కొండెక్కినట్టు కొండెక్కింది. ఇంజను కూడా ఆగింది. బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు - మా మెకానికు భాషలో డైనమో - దారిలో ఎక్కడో ప్రాణం విడిచింది. బ్యాటరీలో వున్న కాస్త కరెంటుతో అంతదాకా వచ్చామన్నమాట. సెల్‌ఫోనులో సిగ్నలు గీత ఒక్కటీ లేదు.

అడవిలో చీకటికి ఒక బరువు వుంటుంది. పట్నం వాళ్ళకు చెప్తే అర్థం కాదు. బాపు వెనుక సీట్లో మాట్లాడకుండా కూర్చున్నాడు. కాసేపటికి "గాలాడుతలేదు బిడ్డా, అద్దం దించు" అన్నాడు. ఆ అద్దాలు స్విచ్చితో దిగేవి. కరెంటు లేదు. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో, గడియారం మాత్రం ఇరవై నిమిషాలే అన్నది. అంతలో మిర్చి ఏరి వస్తున్న కూలీల ట్రాక్టరు వచ్చింది. మోకు తీసి మా బండికి కట్టారు. ఒకామె తన సీసాలోని నీళ్ళు బాపు చేత తాగించింది. తాడ్వాయిలో దిగబెట్టాక డబ్బివ్వబోతే డ్రైవరు చెయ్యి వెనక్కు నెట్టి, "పైసలెందుకు సారూ, మా పిల్ల మీ కాలేజీలనే సదువుతాంది" అన్నాడు.

బాపుకు ఏమీ కాలేదు. కాని ఆ రాత్రి మా ఇంట్లో సభ కూడింది.

మా శ్రీమతి వాదం మొట్టమొదటిది. "నాకేం కారండీ? 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులో నాకు టిక్కెట్టే లేదు. కారు కావలసింది మీ తండ్రీకొడుకులకే" అన్నది. మహాలక్ష్మి పథకం వచ్చిన నాటినుంచి మా ఇంట్లో ప్రయాణం విషయమై ఆమెదే పైచెయ్యి. మా అబ్బాయి పెద్ద ఎత్తు బండి కావాలన్నాడు, పైకప్పు తెరుచుకోవాలన్నాడు. మా కోతుల సంగతి వాడికి తెలియంది కాదు. అమ్మాయి ఏమీ అనలేదు. దానికి జూన్‌లో హైదరాబాదులో కాలేజి ఫీజు, హాస్టలు ఫీజు కట్టాలి. అది ఏమీ అనకపోవడమే నాకు అన్నిటికంటె పెద్ద మాటగా వినిపించింది.

మా మేనమామ వచ్చి తన కాలం చెప్పాడు. ఆ రోజుల్లో అంబాసిడరో ఫియట్టో బుక్ చేసుకుని ఏళ్ళకు ఏళ్ళు కాచుకునేవారట. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కే వరకు మధ్యతరగతివాడికి కారు అనేది సినిమాలో చూసే వస్తువే. 2014 జనవరిలో ఆ 800 తయారీ ఆగింది. అదే ఏడు మే నెలలో అంబాసిడరూ ఆగింది. "అప్పుడు డబ్బున్నా బండి దొరికేది కాదు. ఇప్పుడు బండి వాకిట్లోకి వచ్చి పిలుస్తున్నది, డబ్బే లేదు" అన్నాడు మామ. ఈ ముక్క కోసం ఆయనకు రెండుసార్లు టీ ఇవ్వవలసి వచ్చింది.

పాతదానికి మరమ్మతు చేయించి వుంచుకుంటే? అదీ చూశాను. పదిహేనేళ్ళు నిండిన కారు రిజిస్ట్రేషను పొడిగించాలంటే బండిని అధికారులకు చూపించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలయింది. పొడిగింపు అయిదేళ్ళకే. ఇంజను ముప్ఫయ్యయిదు వేలు, డైనమో, టైర్లు... ఇంతా పెట్టినా తాడ్వాయి అడవిలో మళ్ళీ ఆగదని కాగితం రాసిచ్చేవాడు లేడు.

ఇక హనుమకొండ షోరూముల మీద పడ్డాం. టై కట్టుకున్న కుర్రాడు ఒకడు ముందు పాటల పెట్టె చూపించాడు, తరువాత మాట వినే కిటికీ చూపించాడు. "బాబూ, బండి కడుపుకూ నేలకూ మధ్య ఎంత ఎడం?" అని అడిగాను. కాగితాలు తిరగేసి చెప్పాడు. ఈ ప్రశ్న మా ప్రాంతంలో వేదాంతం వంటిది. 2023 జూలై 27 ఉదయానికి ఇరవైనాలుగు గంటల్లో మా జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకు ముందు ఎన్నడూ అంత నమోదు కాలేదు. ఆ వరదలోనే మా మండలంలోని కొండాయిలో జంపన్నవాగు మనుషులను పొట్టన పెట్టుకుంది. పారుతున్న వాగులో ఏ బండినీ దింపకూడదు, ఎంత ఎత్తుదైనా సరే. కాని రోడ్డుమీద నిలిచిన నీటిలోనైనా, గాలి పీల్చే గొట్టం మునిగి నీరు సిలిండరులోకి పోతే ఇంజను పని సరి. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. పిస్టను మోసే ఇనుపకడ్డీయే వంగిపోతుంది. మామూలు ఇన్సూరెన్సులో ఈ నష్టానికి సాధారణంగా సొమ్మురాదు. దానికి విడిగా చీటీ కట్టాలి. పాటల పెట్టె గురించి పావుగంట చెప్పిన కుర్రాడు ఈ సంగతి చెప్పలేదు, నేనే అడిగి చెప్పించుకున్నాను.

కరెంటు కారు కూడా చూశాం. మా రాష్ట్రంలో వాటికి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను లేదు. చప్పుడు లేదు, బోరుకు రావడమనే మాటే లేదు. నాకు ఆశ పుట్టింది. కాని మా ధరకు అందేదాంట్లో ఒకసారి నింపితే హనుమకొండ పోయి రావడానికి బొటాబొటిగా సరిపోతుంది. 2024 ఆగస్టు 31న మా తాడ్వాయి అడవిలో ఒక్క సుడిగాలికి యాభై వేల దాకా చెట్లు కూలాయి. చెట్టు తీగలమీద పడి కరెంటు పోయిననాడు బాపుకు గుండె నొస్తే? పదేళ్ళ తరువాతి మాట వేరు. ఇప్పటికి వద్దనుకున్నాం.

పెట్రోలు చిన్నబండికే దిగివచ్చాం. 1200 సీసీ లోపు ఇంజను, నాలుగు మీటర్ల లోపు పొడుగు వుంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతానికి బదులు 18 శాతమే. అయినా షోరూము ధర వేరు, రోడ్డెక్కే ధర వేరు. పెళ్ళిచూపులనాటి కట్నానికీ పెళ్ళినాటి కట్నానికీ వున్నంత తేడా. కుర్రాడు "నెలకు ఎనిమిదివేలే సార్" అన్నాడు. ఇంటికి వచ్చి లెక్క వేశాను. అయిదు లక్షల అప్పు నూటికి తొమ్మిది వడ్డీకి ఏడేళ్ళయితే నెలకు 8,045 రూపాయలు. మొత్తం వడ్డీ లక్షా డెబ్బయ్యారువేలు. అదే అయిదేళ్ళయితే నెలకు 10,379. వడ్డీ లక్షా ఇరవైమూడువేల లోపే. నెలవాయిదా చిన్నదయిన కొద్దీ అప్పు పెద్దదవుతుంది. తెలుగు ఎం.ఏ. అయినా ఈ లెక్క నాకు వచ్చింది.

అమ్మాయి ఫీజు గుర్తుంది గనుక, పాతబండ్ల బజారు కూడా తిరిగాం. మా మెకానికును వెంట తీసుకుపోయాను. వాడు రంగు చూడలేదు. సీటు బెల్టును మొదలంటా బయటికి లాగి, చివరి జానెడు మీద ఆరిన బురద గీత చూపించాడు. "వరదల మునిగిన బండి సారూ. కడుక్కున్నరు గని ఇది కడగలె." ఇంకొకదాని మీటరు నలభైవేలు చూపిస్తున్నది, క్లచ్చి పెడలు రబ్బరు మాత్రం నున్నగా అరిగి అద్దంలా వుంది. మూడోది నాలుగేళ్ళ బండి, ఒకరి చేతిదే, సర్వీసు పుస్తకం సక్రమంగా వుంది. ముఖ్యంగా, దాన్ని విప్పి బిగించడం మా వాడికి తెలుసు. విడిభాగం కావాలంటే ములుగులో దొరుకుతుందట. నా మట్టుకు నాకు ఆ మాట విన్నాక పాటల పెట్టెతో పని లేకపోయింది.

పాతదాన్ని తుక్కు చేసే కేంద్రానికి ఇచ్చి ధ్రువపత్రం తెచ్చుకుంటే, కొత్తబండి పన్నులో పాతిక శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చని కేంద్రం నిబంధన. మేము కొనేది కొత్తది కాదు గదా, ఆ దారి మూసుకుంది. వాజేడు వైపు నుంచి ఒక రైతు వచ్చి చూసి, "కాయితాలు తరువాత చూద్దాంలే సారూ, బండియ్యి" అన్నాడు. మంచివాడే. కాని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ప్రమాదం జరిగితే నష్టపరిహారం విషయంలో, రిజిస్ట్రేషనులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని. అమ్మేశాను, డబ్బు పుచ్చుకున్నాను అంటే చెల్లదు. అందుచేత 29, 30 నంబరు ఫారాలు అతని ముందే నింపి, సంతకాలయి పేరు మారే వరకు తాళం నా జేబులోనే వుంచుకున్నాను. నాలుగు వారాలు పట్టింది. ఇంజను బోరు సంగతీ దాచకుండా చెప్పాను. "మా దగ్గర ట్రాక్టరు మెకానికు వున్నడులే" అని నవ్వాడు.

అదంతా తరువాతి ముచ్చట. ఆ మూడో బండిని ఖాయం చేసే ముందు బాపును తీసుకుపోయి చూపించాం. అంతకు ముందు షోరూములో పెద్ద ఎత్తు బండి ఎక్కడానికి ఆయన మోకాళ్ళు ఒప్పుకోలేదు. మరీ కురచదాంట్లోంచి లేవడానికి ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. ఇక్కడ తలుపు తీశాను. ఆయన చేతికర్ర నాకిచ్చి, వెనక్కు తిరిగి, కూర్చుని, కాళ్ళు ఒకటొకటిగా లోపలికి తెచ్చుకున్నాడు. ఎవరి సాయమూ లేకుండానే. తలుపు పక్క చెయ్యిపెట్టి వెతికాడు. ఈ బండికి వెనుక అద్దాలు చేతితో తిప్పే పిడివే. అబ్బాయి మొహం చిట్లించాడు. బాపు ఆ పిడి పట్టుకుని అద్దం కిందదాకా దించాడు, పైదాకా ఎత్తాడు, మళ్ళీ కిందదాకా దించాడు.

"ఇది తీసుకో బిడ్డా" అన్నాడు.