గృహిణియు కంప్యూటరును

బియ్యపు డబ్బా మొదలు బీరువా వఱకు ఇంటనున్న ప్రతి వస్తువు గుట్టును మనకు దెలియును. ఒక్క కంప్యూటరు విషయమున మాత్రము పరాధీనలమై యున్నాము. అది మొరాయించినంతనే దుకాణమునకు బంపుచున్నాము. అందు ఇంటి జమాఖర్చులు, బ్యాంకు కాగితములు, ఆడపిల్లల ఛాయాచిత్రములు నుండును. ముఖపరిచయము లేనివానికి బీరువా తాళమీయని మనము, ఈ పెట్టెను రెండు మూడు దినములు ఒకరి యొద్ద విడిచి వచ్చుట యెట్లు సరియగునో మాకు దోచదు.

మా యింటిది 4 జీబీ ర్యాము గల చిన్న డెస్క్‌టాపు. అందు విండోస్ 10 ఉండెడిది. 2025 అక్టోబరు 14వ తేదీతో దానికి సాధారణముగా వచ్చు రక్షణ సవరణలు నిలిచినవి. తరువాతిదగు విండోస్ 11 టీపీఎమ్ 2.0 అను రక్షణభాగమును కోరును. మా యంత్రమున నది లేదు. క్రొత్తది కొనుడని దుకాణదారు సెలవిచ్చెను. ఉపాధ్యాయుని జీతములో క్రొత్త యంత్రమనగా నెన్ని నెలల పొదుపో చెప్పనక్కఱలేదు. చక్కగా పనిచేయుచున్న పెట్టెను పారవేయుటకు మాకు మనసొప్పలేదు. మావారితో నాలోచించి, డెబియన్ అను లినక్సు ఆపరేటింగు సిస్టమును మేమే యెక్కించితిమి.

లినక్సు మూలభాగమును 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి వ్రాసి ప్రకటించెను. డెబియన్‌ను 1993లో ఇయన్ మర్డాక్ ఆరంభించి, తన ప్రియురాలగు డెబ్రా పేరును తన పేరును గలిపి దానికి బెట్టెను. సీతారాములు, పార్వతీపరమేశ్వరులు అనునట్లు అచటను స్త్రీ పేరే ముందున్నది చూచితిరా! దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పరులకు బంచవచ్చును. వెల లేదు.

ఎక్కించునపుడు డిస్కులోని పాతవి తుడిచిపోవును గావున, ముందుగా సమస్తమునకు వేఱొక డిస్కున ప్రతులు తీసితిమి. పిదప డెబియన్ లైవ్ ప్రతిని దింపుకొని 8 జీబీ పెన్‌డ్రైవుపై వ్రాసితిమి. ఊరక ఫైలును నకలు చేసిన చాలదు. రూఫస్ వంటి సాధనముతో వ్రాయవలెను. దానితో యంత్రమును మేల్కొలిపినచో, లోపలి డిస్కును ముట్టకయే సిస్టమును నడిపి చూడవచ్చును. కూర దింపకముందు ఉప్పు చూచుట వంటి దిది. పిల్లలు నిద్రించిన పిదప రెండు రాత్రు లిట్లు పరీక్షించి, వైఫై, శబ్దము, కీబోర్డు సరిగనున్నవని దృఢపఱచుకొనిన మీదటనే యెక్కించితిమి. తెరకు ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలికపాటి యలంకారమును ఎన్నుకొంటిమి. చిన్న యంత్రమునకు బరువైన నగ లేల?

ఎక్కించునపుడు రెండు రహస్యపదములు పెట్టితిమి. ఒకటి నిత్యకృత్యములకు. రెండవది రూట్ అను అధికారికి సంబంధించినది; సిస్టమును మార్పవలెనన్న నది కావలెను. తాళపుచేతుల గుత్తి యన్నమాట. అది మా యొద్దనే యున్నది. మావారును అవసరమైనపుడు మమ్మే యడుగుచున్నారు.

చిక్కులు లేవని చెప్పజాలము. మావారు తెచ్చిన మార్కుల పట్టిక యొకటి లిబ్రెఆఫీసులో గీతలు చెదరి తెఱచుకొనినది. సరిదిద్దుటకు ఒక సాయంకాలము పట్టినది. విండోసు కొఱకే చేసిన ప్రోగ్రాములు కొన్ని యిందు నడువవు. అట్టిదానిపై జీవనము సాగించువారు తొందరపడరాదు.

తెలుగు వ్రాతకు మాత్రము కొదువ లేదు. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అమరిక అందే యున్నది. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన లిపులు ఉచితముగా దొరకును. మధ్యాహ్నవేళ మా యత్తగారు పాడుచుండగా మంగళహారతులను పోతన లిపిలో నెక్కించుచున్నాము. ఇప్పటికి 31 అయినవి. ఇంక నెన్ని జ్ఞప్తియం దున్నవో ఆమెకే తెలియదు. ఒకటి పాడుచుండగా మఱియొకటి గుర్తునకు వచ్చుచున్నది.