సముద్రం లేని ఊరు

భిలాయికి సముద్రం బహుదూరం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికే తీరమన్నది లేదు. అయినా ఆ ఉక్కునగరంలో సముద్రాన్ని మరువలేని తెలుగువారు ఎందరో ఉన్నారు. 1955లో సోవియట్ దేశంతో ఒడంబడిక కుదిరింది; 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. ఆ తరువాతి కాలంలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల పల్లెలు విడిచి, పని వెదుక్కుంటూ రైలెక్కినవారు అక్కడ ఇళ్ళు కట్టుకొని నిలిచిపోయినారు. అట్టివారిలో ఒక వృద్ధుడున్నాడు. శ్రీకాకుళం తీరాన ఒక పల్లెలో పుట్టి, ముప్పైయేళ్ళు కోక్ ఓవెన్లవద్ద పనిచేసి, ఉద్యోగం విరమించిన తరువాత కూడా ఆయన ఆ ఊరు విడవలేదు.

ఆయన తల్లి చివరి రోజులు కొడుకు వద్దనే గడిపింది. తన అస్థికలు పుట్టినూరి సముద్రంలో కలపమన్నది ఆమె కోరిన ఒకే కోరిక. వానలు ముమ్మరంగా ఉన్న రోజులు. ప్రయాణానికి చేతిలో డబ్బు ఆడలేదు. చివరకు ఆయన దుర్గు దాపున శివనాథ నదికి పోయి ఆ నీటిలోనే కలిపి వచ్చినాడు. 'నది ఎక్కడికి పోతుంది బాబూ, సముద్రానికే గదా' అని పురోహితుడు ఊరడించినాడు. ఆ మాట నిజమో కాదో తెలుసుకొనేవరకు ఆయనకు నిద్ర పట్టలేదు.

పటం చూచినాడు. శివనాథ మహానదిలో కలుస్తుంది. మహానది ఒడిశాలో ప్రవేశించి, హీరాకుడ్ జలాశయంలో ఆగి, కటక్ వద్ద పాయలుగా చీలి, పారాదీప్ దాపున బంగాళాఖాతంలో పడుతుంది. వానకాలం వెళ్ళిన తరువాత, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, తూర్పుతీరం వెంబడి సముద్రప్రవాహం ఉత్తరంనుంచి దక్షిణానికి సాగుతుంది. అనగా మహానది తెచ్చిన నీరు తీరం పట్టుకొని శ్రీకాకుళంవైపే దిగుతుంది. పురోహితుని మాట అబద్ధం కాలేదు.

కాని ఆ దారిన అస్థికలు మాత్రమే పోవు. బొగ్గును గాలి సోకకుండా కాల్చి కోకుగా మార్చేటప్పుడు వెలువడే వాయువును చల్లార్చి కడిగిన నీటిలో ఫినాలు, అమ్మోనియా, సయనైడు చేరుతాయని ఆయనకు వృత్తిరీత్యా తెలుసు. ఏ దేశంలోనైనా ఆ నీటిని శుద్ధిచేసిన తరువాతనే విడవవలె. నగరాల మురుగు, పొలాల ఎరువు, పారవేసిన ప్లాస్టిక్ కూడా అంతే. సముద్రాన్ని చెరిచే మాలిన్యంలో అధికభాగం నేలమీదనే పుడుతుంది.

ఒకనాడు మనుమడు అడిగినాడు: "తాతా, సముద్రం సంగతి ఒడ్డున ఉన్నవాళ్ళ ఎమ్మెల్యేలు చూసుకుంటారు గదా! మనవాళ్ళకెందుకు?"

వృద్ధుడు ఆ ప్రశ్నకు చట్టంతోనే సమాధానం చెప్పినాడు. రాజ్యాంగం ప్రకారం నీరు ముఖ్యంగా రాష్ట్రాల అధికారంలోని విషయం. కనుక జలకాలుష్య నివారణకు పార్లమెంటు చట్టం చేయవలెనంటే ముందుగా రాష్ట్ర శాసనసభలు తీర్మానించి కోరవలసివచ్చింది. అట్లా కోరిన పన్నెండు రాష్ట్రాల పేర్లు 1974 నాటి చట్టం పీఠికలో ఉన్నవి. వాటిలో, అప్పటికి భిలాయి ఏ రాష్ట్రంలో ఉండెనో ఆ మధ్యప్రదేశ్ ఉన్నది. దానికీ తీరం లేదు. పొడవైన తీరాలున్న ఆంధ్రప్రదేశ్, ఒడిశాల పేర్లు ఆ పీఠికలో లేవు. అవి తరువాత చేరినవి. విషపదార్థాలను తెలిసి తెలిసి ప్రవాహంలో విడవరాదని ఆ చట్టం శాసించింది. ప్రవాహమన్న మాటకు అర్థం చెప్పుతూ నదితోపాటు, ప్రభుత్వం ప్రకటించిన మేరకు, సముద్రజలాన్ని కూడా కలుపుకొన్నది. సముద్రాన్ని చూడని నియోజకవర్గాల ప్రతినిధులు చేయెత్తినందువల్ల సముద్రానికి కొంత రక్ష దొరికింది.

చట్టం చేయడంతో శాసనసభ్యుని పని తీరదు. దాని వెంట కన్ను కూడా ఉండవలె. దుర్గు దాపున శివనాథ నదిలో సుమారు 23 కిలోమీటర్ల మేర నీటిని 1998లో ఒక ప్రైవేటు సంస్థకు ఒప్పగించినారు. చేపలు పట్టుకొనేవారికి తమ నదే పరాయిదైంది. 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ పద్దుల సంఘం ఆ ఒప్పందాన్ని పరిశీలించి, దానిని రద్దుచేయవలెనని సిఫారసు చేసింది. సిఫారసు చేయడమే సంఘానికున్న అధికారం. అమలు ప్రభుత్వం వంతు. అయినా నదిని గూర్చి లెక్క అడిగే చోటు ఒకటున్నదని ప్రజలకు తెలిసివచ్చింది.

నదులద్వారా సముద్రంలో చేరే మాలిన్యాన్ని అరికట్టే చట్టాలు ప్రతిదేశమూ చేయవలెనని 1982 నాటి అంతర్జాతీయ సముద్రశాసనం విధించింది. భారతదేశం దానిని 1995లో ధ్రువీకరించింది. ఏ దేశానికీ చెందని నడిసముద్రంలోని జీవరాశిని కాపాడేందుకు 2023లో కుదిరిన ఒడంబడికపై 2024లో సంతకం చేసింది. అది 2026 జనవరిలో అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ సభలలో పెట్టిన సంతకం శివనాథ ఒడ్డునున్న మురుగుకాలువను తాకవలెనంటే మధ్యలో శాసనసభ ఉండితీరవలె. 1974 చట్టంలో అనేక నేరాలకున్న జైలుశిక్షను తొలగించి, 10 వేలనుంచి 15 లక్షల రూపాయలవరకు జరిమానా పెట్టిన సవరణ 2024లో వచ్చింది. మొదట అది రెండు రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. మిగిలిన రాష్ట్రాలు తీర్మానించి చేరవచ్చును. ఏబది సంవత్సరాల తరువాత మళ్ళీ శాసనసభలే చేయెత్తవలసిన సందర్భం అది. జరిమానాను ఖర్చులలో ఒక ఖర్చుగా కట్టివేయగలవారికి అది శిక్ష అవుతుందా అని విచారించవలసినవారు వారే.

మహాలయ అమావాస్యకు వృద్ధుడు శివనాథకు పోయి తల్లికి తర్పణం విడుస్తాడు. ఎన్నికలు వచ్చినప్పుడు ఓటు అడగవచ్చినవారిని అందరివలెనే రోడ్డు, కొళాయి సంగతి అడుగుతాడు. అటుపిమ్మట ఊరి మురుగు ఎక్కడ శుద్ధి అవుతుందని, ఎంత నీరు శుద్ధి కాకుండానే నదిలోకి పోతుందని అడుగుతాడు. కొందరు నవ్వి ఊరుకుంటారు. ఒకడు మాత్రం తెలుసుకొని వచ్చి చెప్పుతానన్నాడు. వృద్ధుడు వానికోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.