ఎప్పుడు వెయ్యాలి?

మా పక్కింటి పెద్దాయన వాళ్ళ బేక్డ్ బీన్స్ రెసిపీ అరచేతిలో ఇమిడే అట్టముక్క మీద ఉంటుంది. వాళ్ళ నాయనమ్మ చేతిరాత. జిడ్డు మరకల కింద సగం అక్షరాలు మాసిపోయాయి. పోర్క్ అండ్ బీన్స్ డబ్బాలు రెండు, ఉల్లిపాయ ఒకటి, బ్రౌన్ షుగర్, మస్టర్డ్, కెచప్, పైన పరచడానికి బేకన్ ముక్కలు. ఓవెన్ ఎంత వేడిగా ఉండాలో రాయలేదు. ఎంతసేపు ఉంచాలో చెప్పాల్సిన చోట "అయ్యేదాకా" అని ఉంది.

తరతరాలుగా వస్తున్న వంటకమని అంత గొప్పగా చెప్పుకునేది డబ్బా మూత కొయ్యడంతో మొదలవుతుందా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆవిడ మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి, సాయంత్రం ఇంటికొచ్చి ఇంటెడు పిల్లలకు వండిన మనిషి. రాత్రి గింజలు నానబోసి, పొద్దున్నే పొయ్యి మీదకెక్కించి కాపలా కూర్చునే తీరిక ఆవిడకెక్కడిది? ఏది సంప్రదాయమో తేల్చడానికి బయల్దేరేవాళ్ళు ముందు మన టమాటా పప్పు సంగతి చూడాలి. టమాటా, అందులో వేసే మిరపకాయ రెండూ అమెరికా ఖండాల నుంచి ఓడల్లో వచ్చినవే. మూడు తరాలు తిన్నాక ఏదైనా ఇంటి వంటే.

మేముండేది అమెరికాలో కన్సాస్ సిటీ శివారులో. సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని మనవాళ్ళూ బాగానే ఉన్నారు. ఇక్కడి స్వాతంత్ర్య దినం జూలై 4న పొద్దున్నే తలుపు తీస్తే పెరళ్ళన్నిటి నుంచీ హికరీ కట్టె పొగ వాసన. ఈ ఊళ్ళో బార్బెక్యూ అంటే మంట మీద గబగబా కాల్చేది కాదు, సన్నటి సెగలో, పొగలో గంటల తరబడి మగ్గించేది. తేడా తెలియకుండా ఎవరైనా మాట్లాడితే పక్కింటాయన మర్యాదగా నవ్వి ఊరుకుంటాడు. దానికన్నా నాలుగు తిట్టినా బావుండేది.

ఈ ఊరి బార్బెక్యూకి మూలపురుషుడు హెన్రీ పెర్రీ. టెన్నెసీలో మెంఫిస్ దగ్గర పుట్టిన నల్లజాతి వంటవాడు. ఆవిరి పడవల్లో వంటలు చేస్తూ తిరిగి తిరిగి ఇక్కడికి చేరాడు. 1908లో బట్టల ఫ్యాక్టరీల పేటలో ఒక సందులో చిన్న కొట్టు పెట్టి, పొగబెట్టిన మాంసాన్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి పాతిక సెంట్లకు అమ్మాడు. ఊళ్ళో అప్పటికే 1871 నాటి పశువుల సంత ఉంది, దాని చుట్టూ మాంసం ఫ్యాక్టరీలున్నాయి. మంచి ముక్కలు రైలెక్కి వెళ్ళిపోయేవి. పక్కటెముకల్లాంటివి చవగ్గా ఇక్కడ మిగిలేవి. ఎముక ఎక్కువ, కండ తక్కువ, పైగా గట్టి. అలాంటిదాన్ని మెత్తగా చెయ్యగల ఓపిక, పని చేసుకు బతికే నల్లవాళ్ళ పెరళ్ళలో ఉంది. మన దగ్గర తలకాయ కూర, బోటీ పెద్ద హోటళ్ళ మెనూలోకి ఎక్కినట్టే ఇవాళ ఈ పక్కటెముకలూ ఎక్కాయి. ఆ ధరలు చూస్తే పెర్రీ ఏమనేవాడో!

పెర్రీ సాస్ ఘాటుగా ఉండేదట, తినేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగేటంత. ఆయన 1940లో పోయాక కొట్టు చార్లీ బ్రయంట్ చేతికొచ్చింది, తర్వాత తమ్ముడు ఆర్థర్ చేతికి. ఆర్థర్ ఆ ఘాటు కొంచెం తగ్గించాడు. ఇవాళ అమెరికా అంతా కన్సాస్ సిటీ సాస్ అని పిలిచే చిక్కటి, తియ్యటి సాస్‌ని దుకాణాల్లోకి తెచ్చినవాడు రిచ్ డేవిస్ అనే పిల్లల మానసిక వైద్యుడు, 1970ల చివర్లో. అంటే ఈ ఊరి బార్బెక్యూలోకి తీపి అంతగా వచ్చి చేరింది ఆఖర్నే. పొయ్యి దగ్గర కూడా ఆ సాస్ వంతు ఆఖర్నే వస్తుంది.

మా ఇంట్లో పంది మాంసం వండే అలవాటు లేదు. నాకు తెలిసిందంతా కంచెకు ఇవతల నిలబడి చూసి, తర్వాత అవతలికెళ్ళి నేర్చుకున్నదే. స్పేర్ రిబ్స్ (పంది పక్కటెముకలు) పలక తెచ్చి, ఎముకల వైపున్న పల్చటి పొర పీకెయ్యాలి. అది జారుతుంది, కాగితం తువ్వాలుతో పట్టుకుంటే గానీ ఊడదు. ఉంచేస్తే పొగా ఉప్పూ ఆ వైపు లోపలికి దిగవు, తినేటప్పుడు రబ్బరులా సాగుతుంది. చివరి మెత్తటి ఎముకల వరుస కోసేస్తే పలక చదరంగా వస్తుంది. ఉప్పు, మిరియాల పొడి, పాప్రికా, వెల్లుల్లి పొడి, కొద్దిగా బ్రౌన్ షుగర్ పట్టించాలి. పాప్రికా బదులు గుంటూరు కారం వేస్తానని నేనంటే ఆయన ఒప్పుకున్నాడు. తిన్నాక మాత్రం మళ్ళీ ఒప్పుకోలేదు.

మాంసం చల్లగా, తడిగా ఉన్నప్పుడే పొగ బాగా పడుతుంది. అందుకే కట్టె ముక్కలు మొదట్లోనే వేస్తారు. 225 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 107 డిగ్రీలు. ఆ సెగ మీద అయిదారు గంటలు. ఎముకల చుట్టూ ఉండే గట్టి కొలాజెన్ మెల్లగా కరిగి జిలాటిన్ కావడానికి అంత సమయం పడుతుంది. మంట పెంచితే నీరు ముందుగా పోతుంది, కొలాజెన్ అలాగే ఉంటుంది. అయిందో లేదో చూడటానికి గడియారం పనికిరాదు. పట్టకారుతో ఒక కొస పట్టి ఎత్తాలి. పలక విల్లులా వంగి, పైన చీలిక పడితే అయినట్టు. కొరికితే కొరికినంత మేరే రావాలి, మొత్తం మాంసం ఎముక నుంచి జారిపోతే ఎక్కువైనట్టు. ఇక్కడి బార్బెక్యూ పోటీల్లో జడ్జీలు దానికి మార్కులు తగ్గిస్తారు.

సాస్ పూసేది చివరి అరగంటలో. చక్కెర, మొలాసిస్ (చెరకు మడ్డి), కెచప్ కలిసిన సాస్‌ని ముందే పూస్తే లోపల ఉడికేలోపు పైన మాడి చేదెక్కుతుంది. ఆఖర్న పూస్తే నిగనిగలాడుతూ అంటుకుంటుంది. పక్కింటాయన కెచప్ సీసాని స్మోకర్ (పొగ పొయ్యి) దగ్గరికి కూడా రానివ్వడు, మనవలు ముందే పూసేస్తారని.

రిబ్స్ మూడు గంటలు మగ్గాక, పచ్చి రసం కారడం ఆగాక, వాటి కింద బీన్స్ తట్ట పెడతారు. పైనుంచి కరిగే కొవ్వు, మసాలా, పొగ అన్నీ అందులో పడతాయి. మిగిలిన రెండు మూడు గంటలూ తట్టకు మూత ఉండదు. ఈ ఊళ్ళో బీన్స్ రుచికి సగం కారణం ఆ పైనున్న మాంసమే.

ఒక ఏడు వాళ్ళ బంధువులంతా వస్తున్నారని ఆయన డబ్బాలు మానేసి ఎండు గింజలతో చేద్దామనుకున్నాడు. నేవీ బీన్స్, మన రాజ్మా జాతివే, తెల్లగా బఠాణీ అంత ఉంటాయి. రాత్రంతా నానబెట్టాడు. పొద్దున మా అమ్మా నేనూ వెళ్ళేసరికి బల్ల మీద గింజల గిన్నె, పక్కన మొలాసిస్, కెచప్, మస్టర్డ్, వెనిగర్ వరుసగా పెట్టి ఉన్నాయి. మా అమ్మ ఆ వేసవికి నరసరావుపేట నుంచి వచ్చి మా దగ్గరుంది. ఇంగ్లీషు రాదు, పంది మాంసం సంగతి వినడానికి కూడా ఇష్టపడదు. కానీ పొయ్యి దగ్గర ఎవరున్నా అక్కడికి చేరుతుంది.

"ఏరా, ఆ గింజలు ఉడికాయా?"

"లేదమ్మా, నానాయంతే. అన్నీ కలిపి తట్టలో పోస్తారు."

"పులుపు పోశాక ఇంకేం ఉడుకుతాయి? ముందు ఉడకనివ్వమను. వేళ్ళ మధ్య నలిగాక పొయ్యమను."

నేను చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, రిబ్స్‌కి తను చేసేదీ అదే కదా అన్నాడు. డబ్బాల్లో గింజలు ఫ్యాక్టరీలోనే మెత్తగా ఉడికి వస్తాయి కాబట్టి, ఏది ఎప్పుడు కలపాలన్న ప్రశ్న వాళ్ళ వంటింట్లో ఎవరికీ రాలేదు. అట్టముక్క మీద లేనివాటిలో అదీ ఒకటి. అమ్మ మాత్రం దీన్ని పెద్ద విషయమనుకోలేదు. "ఎక్కడైనా అంతేనండీ అన్నయ్యగారూ" అని తెలుగులోనే చెప్పి కుర్చీ లాక్కుంది. ఆయన ఆ మాటకి తల ఊపాడు కూడా.

దీని వెనకున్న సంగతి నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. గింజ కణాల గోడల్ని పట్టి ఉంచేవి పెక్టిన్, హెమీసెల్యులోజ్ అనే పదార్థాలు. ఉడకడమంటే అవి నీళ్ళలో కరగడమే. పులుపు ఉంటే అవి అంత తేలిగ్గా కరగవు. కాల్షియం ఉంటే పెక్టిన్ ఇంకా బిగుసుకుంటుంది. చక్కెర కూడా మెత్తబడటాన్ని ఆలస్యం చేస్తుంది. మొలాసిస్‌లో ఈ మూడూ ఉన్నాయి. బోరు నీళ్ళకి కందిపప్పు ఉడకదని, చిటికెడు వంటసోడా వెయ్యమని మా అమ్మ చెప్పేదానికీ కారణం ఇదే. ఆ నీళ్ళల్లో కాల్షియం. పెక్టిన్ పేరు వినకుండానే మన ఆడవాళ్ళు ఎన్ని తరాలుగానో పప్పు మెదిపాకే చింతపండు రసం పోస్తున్నారు.

నన్ను ఆకట్టుకున్నది దీని రెండో సగం. గింజ ఉడకకముందు అడ్డుపడే పులుపే, ఉడికాక దానికి కాపలా కాస్తుంది. మొలాసిస్ పోశాక ఎన్ని గంటలు మగ్గినా బీన్స్ చిదిమినట్టు కావు, ఏ గింజకా గింజ నిలబడి ఉంటుంది. మన బెండకాయ పులుసులోనూ ముక్క చెదరకుండా ఉండేది పులుపు వల్లనే. ఒకప్పుడు బోస్టన్ చుట్టుపక్కల ప్యూరిటన్లనే నిష్ఠాపరులైన క్రైస్తవులకు పనికొచ్చింది ఈ గుణమే. శనివారం సూర్యాస్తమయం నుంచి వాళ్ళకు పని నిషిద్ధం, వంట కూడా పనే. అందుకని శనివారం పగలంతా మట్టికుండలో బీన్స్, ఉప్పు పట్టించిన పంది మాంసం, మొలాసిస్ వేసి ఓవెన్‌లో ఉంచేవాళ్ళు. రాత్రి భోజనానికి అవే, ఆదివారం పొద్దున మళ్ళీ అవే. ఆ మొలాసిస్ కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చెరకు నుంచి వచ్చేది. ఆ తీపి వెనక అంత చేదు ఉందని ఏ రెసిపీ కార్డూ చెప్పదు. మన బెండకాయ పులుసులోనూ ముక్క చెదరకుండా ఉండేది పులుపు వల్లనే.

ఆ రోజు నుంచి నేను అమ్మని అడిగే ప్రశ్న మారింది. పరదేశంలో ఉన్న మనవాళ్ళం ఫోన్లో అమ్మల్ని అడిగేది ఒకటే: ఎంత వెయ్యాలి? వాళ్ళు చెప్పేదీ ఒకటే: తగినంత. అటు విసుగు, ఇటు విసుగు. ఎంత అన్నది మా అమ్మ చేతిలో ఉంది, నోట్లో లేదు. ఎప్పుడు అని అడిగి చూశాను. గోంగూర పచ్చడి గురించి పావుగంట ఆగకుండా చెప్పింది. ఆకు వేగి తడి పోయాక, పోపు చల్లారాక, నూరేటప్పుడు ఉప్పు ముందా ఎండుమిరపకాయలు ముందా, వెల్లుల్లి ఎందుకు ఆఖర్న, ఒక్కొక్కదానికీ కారణంతో సహా. గరిటె కొలతలు అడిగినన్నాళ్ళూ ఇవేవీ బయటికి రాలేదు. అడ్డదిడ్డంగా రాసుకున్న నా నోట్‌బుక్కులో ఇప్పుడు గ్రాములు తక్కువ, "తర్వాత" అన్న మాట ఎక్కువ.

దీన్ని పెంచి పిల్లల పెంపకానికీ సంసారానికీ అన్వయించొచ్చు. వంట మీద రాసేవాళ్ళకి ఆ జబ్బు సహజం. నాకు అంత ధైర్యం లేదు. మా అబ్బాయి విషయంలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది నాకిప్పటికీ అంతుబట్టలేదు.

పక్కింటాయన తన అట్టముక్కని మార్చలేదు. నాయనమ్మ రాతకి చెయ్యి పెట్టనన్నాడు. దాని వెనక మాత్రం పెన్సిల్‌తో ఒక వాక్యం చేర్చాడు, ఎండు గింజలైతే ముందు ఉడకబెట్టాలని.

పంది మాంసం తినని వాళ్ళు బీన్స్ ఒక్కటీ చేసుకోవచ్చు. రిబ్స్ లేకపోతే పొగ రుచి తగ్గుతుంది. కాస్త పొగబెట్టిన పాప్రికా, రెండు చెంచాల వెన్న వేస్తే లోటు చాలావరకు తీరుతుంది. నేవీ బీన్స్ దొరక్కపోతే తెల్ల రాజ్మా, మొలాసిస్ లేకపోతే నల్లబెల్లం. నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లనివ్వండి. రాజ్మా జాతి గింజలు సగం ఉడికితే కడుపులో తిప్పుతాయి. మెత్తబడ్డాక బెల్లం, టమాటా, ఆవపిండి కలిపి ఓవెన్‌లో మూత లేకుండా రెండు గంటలు ఉంచండి. కొంచెం ఎక్కువే చెయ్యండి. వండిన రోజు కన్నా మర్నాడు బావుంటాయి, దోశలోకి కూడా.