సున్నా ఎక్కడికి పోయింది?

సీతమ్మధార రైతు బజారు నుంచి కూరల సంచీతో ఇంటికొచ్చేసరికి పెద్దనాన్న మనవరాలు టెన్త్ లెక్కల నోట్సు ముందేసుకుని ఫోన్‌తో ఫోటో తీస్తోంది. లెక్క చిన్నదే. ఎక్స్ స్క్వేర్ ఈక్వల్స్ ఫైవ్ ఎక్స్. క్షణంలో యాప్ జవాబు చెప్పేసింది: సున్నా, ఐదు. ఎలా వచ్చిందో వరసగా చూపించింది కూడా. అదంతా చకచకా నోట్సులోకి ఎక్కించేసింది.

పేజీ మీద ఇంకా రబ్బరు పొట్టు ఉంది.

"ముందు నువ్వేం చేశావ్?" అన్నాను.

"తప్పొచ్చింది పిన్నీ, చెరిపేశా. నాకు ఐదొక్కటే వచ్చింది."

మళ్లీ చేయమన్నాను. రెండు వైపులా ఒక్కో ఎక్స్ కొట్టేసింది. మిగిలింది ఐదు. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంది. మరి సున్నా ఏది? ఎక్స్‌తో భాగించామంటే ఎక్స్ సున్నా కాదని ముందే ఒప్పేసుకున్నట్టు. సున్నాని మన చేత్తోనే బయటికి పంపేశాం. యాప్ అన్నీ ఒక పక్కకి తెచ్చి ఎక్స్‌ని కామన్ తీసింది కాబట్టి దానికి ఈ చిక్కే రాలేదు. అది చూపించిన మెట్లలో మా పిల్ల జారిన మెట్టు లేదు.

ఈ యాప్‌ల మీద నాకు కోపం లేదు. క్రొయేషియాకి చెందిన మైక్రోబ్లింక్ కంపెనీ ఫోటోమ్యాత్‌ని 2014 అక్టోబరులో తెచ్చింది. ఇప్పుడది గూగుల్‌ది. అదే నెల 12న హుద్‌హుద్ మా ఊరి మీద పడింది. అప్పుడు నేను టెన్త్. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. కొవ్వొత్తి పెట్టుకుని నాన్న లెక్కలు చెప్పేవారు. సగం ఆయనకీ వచ్చేవి కావు. నేను రబ్బరు తీస్తే మాత్రం ఆపేవారు. "చెరపకు. అడ్డగీత కొట్టి కింద చెయ్యి." స్టీల్‌ప్లాంట్‌లో లాగ్‌బుక్ రాసిన అలవాటు అది. పొరపాటు ఎక్కడ జరిగిందో తర్వాత షిఫ్టు వాళ్లకి కనబడాలి కదా.

అప్పట్లో విసుగొచ్చేది. కరెంటు వచ్చాక మళ్లీ గైడు చూసి ఎక్కించడం మొదలెట్టాను. అలా ఎక్కించిన చాప్టర్లు నాకు ఇప్పటికీ రావు. నాన్నతో కొట్టివేతల మధ్య కూర్చున్నవే వచ్చు.

అందుకే పిల్ల దగ్గర ఫోన్ లాక్కోలేదు. "ఫోటో తియ్యి. కానీ ముందు నీ లెక్క నువ్వు చెయ్యి, చెరపకు. రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ దారి విడిపోయిందో చూడు" అన్నాను.

"మరి కొట్టివేతలుంటే సార్ నీట్‌నెస్ మార్కులు కోసేస్తారు పిన్నీ!"

కోస్తే కోయనీ అనేశాను గానీ, ఆ రెండు మార్కులు తనకి ఎవరిస్తారో నాకూ తెలీదు.