మన్రో గుర్రం చుట్టూ

2024 ఆగస్టు 31, శనివారం సాయంత్రం మా అక్క ఫోను చేసి, "వాడేమడిగినా సరే, అటు మాత్రం తీసుకుపోకు తమ్ముడూ" అంది. అప్పటికే వాడూ నేనూ పెరంబూరు దాటి ఆటోలో ఉన్నాం. "సరేనక్కా" అని ఫోను పెట్టేశాను.

వాడంటే నా మేనల్లుడు. అటు అంటే ఐలాండ్ గ్రౌండ్స్, ఇక్కడివాళ్ళ మాటలో తీవుత్తిడల్. ఆ దీవి చుట్టూ ఉన్న మూడున్నర కిలోమీటర్ల రోడ్డునే ట్రాకుగా మార్చి, ఆ శని ఆదివారాల్లో రాత్రిపూట దీపాల వెలుగులో ఫార్ములా 4 కార్ల పందెం పెట్టారు. పంతొమ్మిది మలుపులు. అసలు 2023 డిసెంబరు 9, 10 తేదీల్లోనే జరగవలసింది. ఆ వారం మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చి ఊరిని ముంచడంతో వాయిదా పడింది.

ఆ తుఫానులో మా వీధిలో నడుంలోతు నీళ్ళు. కరెంటు లేదు. పాల పాకెట్టు కోసం నీళ్ళలో నిలబడి ఎదురుచూస్తుంటే పక్కింటాయన, "రోడ్ల మీద కార్లు పరుగెత్తిస్తారట, ఇప్పుడు పడవల పందెం పెట్టమనండి" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వుతూనే నాకు మొదటిసారి కోపం వచ్చింది. నీళ్ళు పోవడానికి కాలువ లేని ఊరికి కార్ల పందెం దేనికి?

ఇలా అడిగే అర్హత నాకుందా అన్నది వేరే సంగతి. ఎందుకంటే చిన్నప్పుడు పందెమంటే ప్రాణం పెట్టినవాణ్ణి నేను. మా నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంజను అనే మాట ఆయన నోట దేవుడి పేరులా వచ్చేది. ఏటా షోళవరంలో మోటారు పందేలు జరిగేవి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే అది, కలకత్తా వెళ్ళే పాత ట్రంకు రోడ్డుకు దగ్గర. రెడ్‌హిల్స్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి మరొకటి. అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం, ఒక సీసా నీళ్ళు. తీరా వెళితే ఎండా, దుమ్మూ, పెట్రోలు వాసనా. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళలో సగంమంది తెలుగే మాట్లాడుతుండేవారు. ఏ కారు ముందుందో నాకు తెలిసేది కాదు గాని, నాన్న మాత్రం కళ్ళు మూసుకుని శబ్దం విని, "వాడి మూడో సిలిండరు సరిగా కొట్టడం లేదురా" అనేవాడు. మరి రెండు చుట్లకు ఆ కారు పక్కకు తప్పుకునేది. ఆయన చెప్పింది నిజమో, కాకతాళీయమో ఈనాటికీ తెలియదు.

తరువాత మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు కట్టారు. 1990 నుంచి పందేలు అక్కడ. కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి ఇంజన్లు పెట్టి చవకలో చిన్న ఫార్ములా కార్లు తయారుచేశాడు. ఆ ఊరివాడే నరేన్ కార్తికేయన్, 2005లో ఫార్ములా 1లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు. 2010లో మన చెన్నై కుర్రాడు కరుణ్ చాందోక్. అంటే ఈ రాష్ట్రానికి పందేలు కొత్త కాదు. నగరం నడిబొడ్డున, ఆసుపత్రులకూ ఆఫీసులకూ వెళ్ళే రోడ్డు మీద పెట్టడమే కొత్త.

నేను కామర్సు వాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల ప్రాజెక్టు రిపోర్టులు చదివి సంతకాలు పెడుతున్నాను. ఎవరైనా లోనుకు వస్తే ముందు అడిగేది ఒకటే: డబ్బు ఎవరు పెడుతున్నారు, తిరిగి ఎవరి చేతికి వస్తుంది? రోడ్డు పందెంలో రోడ్డు బాగుచేయడం, కాంక్రీటు దిమ్మలు, ఇనుప వలలు, దీపాలు, పోలీసు బందోబస్తు ఒక ఖాతాలో పడతాయి. హోటల్ గదులు, విమానం టికెట్లు, టీవీ ప్రకటనలు మరొకరి ఖాతాలో పడతాయి. రెండింటినీ కలిపి 'నగరానికి లాభం' అని ఒకే గీత కింద కూడితే మా ఇన్‌స్పెక్టరు నన్ను సస్పెండు చేసి ఉండేవాడు.

మద్రాసు హైకోర్టుకూ ఇదే తోచిందనుకుంటాను. 2024 ఫిబ్రవరిలో పందేనికి అనుమతిస్తూనే, ప్రభుత్వం పెట్టిన 42 కోట్లు నిర్వాహకులైన ప్రైవేటు సంస్థ తిరిగి ఇవ్వాలంది. ఆ తీర్పు పేపర్లో చదివిన రోజు బ్రాంచిలో అందరికీ మిఠాయి తెప్పించాను. మా క్యాషియరు, "సార్ ఇంట్లో ఏమిటి విశేషం?" అని అడిగాడు.

మిగతా ఊళ్ళ లెక్కలు చూసినా నాకు ధైర్యం కలగలేదు. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో బ్రహ్మాండమైన బుద్ధ సర్క్యూట్ కట్టారు. 2011, 2012, 2013, మూడేళ్ళు ఫార్ములా 1 జరిగింది. మూడుసార్లూ వెట్టెలే గెలిచాడు. ఇది క్రీడా, వినోదమా అని పన్నుల తగాదా పడింది, పందెం వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ జరిగింది. అక్కడి మా బంధువులు ఫోన్లు చేసి, "చూశావా మన హైదరాబాదు!" అన్నారు. ఇక్కడ పుట్టి పెరిగిన నాకు కూడా ఆ 'మన' అనే మాట బాగానే ఉంది, ఒప్పుకోవాలి. మరుసటి ఏడాది పందెం జనవరిలోనే రద్దయింది. ప్రభుత్వం మారింది, ఒప్పందం చిక్కుల్లో పడింది, చెల్లింపుల మీద కేసు కూడా నమోదైంది. పెళ్ళికి వేసిన పందిరి మరుసటి ఏడాదికి ఉండదు. అలాంటి పందిరికి దీర్ఘకాలిక రుణం ఏ బ్యాంకరు ఇస్తాడు?

ఇదంతా తల నుంచి వచ్చిన వాదం. మరొకటుంది.

2016లో మా మేనల్లుడికి ఇరవై రెండేళ్ళు. మోటారు సైకిలు కావాలన్నాడు. అక్క వద్దంది. బావ పోయి రెండేళ్ళయింది, ఇంట్లో మగదిక్కు నేనే. "ఉద్యోగం చేసే కుర్రాడు, బండి లేకపోతే ఎలా అక్కా" అని నేనే నచ్చజెప్పి, వేరే బ్యాంకులో లోనుకు హామీదారుగా సంతకం చేశాను. ఆరు నెలలకు, ఒక శనివారం అర్ధరాత్రి దాటాక బీచ్ రోడ్డు మీద వాడూ వాడి స్నేహితులూ పందెం వేసుకున్నారు. చెన్నైలో ఉన్నవాళ్ళకు ఆ శనివారం రాత్రుల సంగతి చెప్పనక్కరలేదు. వాడి కుడికాలు మోకాలి కింద తీసేశారు. బండి తుక్కయింది, వాయిదాలు మిగిలాయి. పంతొమ్మిది వాయిదాలు నేను కట్టాను. ప్రతి నెలా అయిదో తేదీన చెక్కు రాస్తుంటే ఆ సంతకం, మొదటి సంతకం ఒకేలా కనిపించేవి.

అక్క నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అదే కష్టం.

అందుకే, నగరం రోడ్డు మీద పందెం అనగానే నాకు మొదట తోచింది 42 కోట్లు కాదు. ప్రభుత్వమే దీపాలు పెట్టి ఆ రోడ్ల మీద కార్లు పరుగెత్తిస్తే, చూసి వచ్చిన కుర్రాళ్ళు ఆ రాత్రి బళ్ళు ఎలా నడుపుతారు? ఈ మాట ఆటోలో వాడితోనే అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

వాడు నవ్వాడు. "నేను పడ్డప్పుడు ఫార్ములా 4 ఎక్కడుంది మామా?"

నా దగ్గర జవాబు లేదు.

"వాళ్ళకి గోడలున్నాయి, డాక్టరున్నాడు, జెండా ఊపే మనిషున్నాడు. పదిహేనేళ్ళ పిల్లవాడు కూడా ఆ కారు నడపొచ్చు, కాని లైసెన్సు కావాలి, హెల్మెట్ కావాలి. మాకేం ఉన్నాయి? పోలీసు వస్తున్నాడని విజిలు వేసేవాడొకడు."

"అందుకే ఇరుంగాట్టుకోట్టై ఉంది కదరా."

"ఉంది. అక్కడికి బండి తీసుకెళ్ళి ఒక రోజు తిప్పడానికి ఎంతవుతుందో కనుక్కో. నీ లెక్కలో వెయ్యి."

కనుక్కున్నాను తరువాత. వాడి అప్పటి జీతానికి అందే వ్యవహారం కాదు.

ఆ సాయంత్రం వాన పడింది. ట్రాకుకు అంతర్జాతీయ సమాఖ్య నుంచి రావలసిన ధ్రువపత్రం ఆలస్యమైంది. టికెట్లు కొన్నవాళ్ళు తడుస్తూ కూర్చున్నారు. మేము టికెట్లు కొనలేదు. ఆ ధర పెట్టడానికి నా చెయ్యి రాలేదు, పైగా అక్కకు తెలిస్తే! చేపాక్కం స్టేషనుకు వెళ్ళాం. అది వంతెన మీది స్టేషను. వాడు మెట్లెక్కడానికి పది నిమిషాలు పట్టింది. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాడు.

ప్లాట్‌ఫారం చివర నిలబడితే ఉత్తరంగా ఆకాశంలో తెల్లని వెలుగు. ఆ వెలుగు కిందే ఎక్కడో థామస్ మన్రో విగ్రహం. మా తాతగారిది పత్తికొండ తాలూకా. మన్రో కలరా వచ్చి 1827లో చనిపోయింది అక్కడే. సీమలో దత్తమండలాల కలెక్టరుగా ఆయన చేసిన మేలు తలుచుకుని పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. తిరుమలలో మన్రో గంగాళం సంగతి తెలిసిందే. మౌంట్ రోడ్డు మీదుగా బస్సులో వెళ్ళేటప్పుడల్లా నాన్న ఆ కంచు గుర్రాన్ని చూపించి, "చూడరా, జీను లేదు, రికాబులు లేవు, అయినా ఎంత నిమ్మళంగా కూర్చున్నాడో" అనేవాడు. ఇప్పుడు ఆయన చుట్టూ పిల్లవాళ్ళు గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో తిరుగుతారన్నమాట.

రాత్రయ్యాక గాని శబ్దం రాలేదు. మొదట దూరంగా తుమ్మెద రొద, తరువాత గుడ్డ చింపినట్టు. మేనల్లుడు రెయిలింగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు గేరు దించాడు... మలుపు... మళ్ళీ ఎక్కించాడు. విన్నావా?"

నాకు అంతా ఒకటే మోతలా ఉంది. కాని వాడి ముఖం చూస్తూ నిలబడ్డాను. ఆ ముఖం నాకు తెలిసిందే, షోళవరం ఎండలో చూసింది.

ఖజానా డబ్బుతో, ఊరి నడిమధ్య ఈ పందెం వద్దనే నా అభిప్రాయం. ఇప్పటికీ అంతే. ఎవరైనా రిపోర్టు తెచ్చి నా బల్ల మీద పెడితే వద్దనే రాస్తాను. కాని దాని కింద ఇంకొక వాక్యం కూడా రాస్తాను: ఇందులో పదోవంతు పెట్టి, నెలకొక ఆదివారం, నూరు రూపాయలు తీసుకుని, హెల్మెట్ ఇచ్చి, ఆంబులెన్సు నిలబెట్టి, బీచ్ రోడ్డు కుర్రాళ్ళు తిరగడానికి ఒక తారు పట్టీ వెయ్యండి. రాబడి ఉండదు. సెక్యూరిటీ ఏమీ లేదు. అయినా సిఫారసు చేస్తాను.

ఈ మాట వాడితో అంటే, "నూరెందుకు మామా, యాభై చాలు" అన్నాడు.

మళ్ళీ అక్క ఫోను. నేను జేబులోంచి తీసేలోపు వాడే అందుకున్నాడు. "చేపాక్కం స్టేషన్లో ఉన్నామమ్మా... లేదు, లోపలికి వెళ్ళలేదు... నేనే తీసుకొచ్చాను. మామ తప్పేం లేదు."

అవతల అక్క ఏమందో నాకు వినబడలేదు. వేళచ్చేరి రైలు వచ్చి ఆగింది. ఎక్కవలసింది మేము కాదు, మాకు వేరే దిక్కు. అది వెళ్ళేదాకా ఆగి, మెట్లు దిగడం మొదలుపెట్టాం.