గోల్ ఘర్‌లో ఒక ద్రాక్ష పందిరి

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. గోల్ ఘర్ ఆ ఊళ్ళోని ఒక పేట. కిందటి ఫిబ్రవరిలో అక్కడ ఒక శ్రీకాకుళం కుటుంబానికి అతిథినయ్యాను. పెరట్లో పందిరి నిండా ద్రాక్ష తీగ అల్లుకొని ఉండడం చూసి ఆశ్చర్యపోయాను.

"ఏడేళ్ళయింది బాబూ. ఆకులే గాని ఒక్క గుత్తి చూడలేదు" అన్నది ఇంటి పెద్దావిడ.

పందిరి కింద వరుసగా నీళ్ళ డ్రమ్ములు. ఎండకాలంలో అక్కడ కుళాయి నీరు రోజూ రాదు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊరది. హైదరాబాదు వానకు మూడు రెట్ల పైమాటే. అయినా మే నుంచి డిసెంబరు దాకా కురిసిన నీటిలో చాలా భాగం కొండవాలుల మీదుగా సముద్రం పాలవుతుంది. ఆ తరువాత ధనిఖారి జలాశయంలో నిలిచినదే ఊరికి ముఖ్యాధారం.

ద్రాక్షకు నీటి సమృద్ధి కంటె నీటి వేళ ముఖ్యం. హైదరాబాదు ప్రాంతపు రైతులు తీగను ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తారు. మొదటి కత్తిరింపు తరువాత, కొత్త కొమ్మల్లో గుత్తుల మొగ్గ కుదిరే రోజుల్లో తడి తగ్గిస్తారు. పిందె ఎదిగేటప్పుడు లోటు రానివ్వరు. పండు కోసే ముందు మళ్ళీ తగ్గిస్తే తీపి నిలుస్తుంది. ఎండిన నేలకు ఒక్కసారిగా నీరు పెడితే పండు పగులుతుంది.

గోల్ ఘర్‌లో ఈ వేళలన్నీ తలకిందులు. మొగ్గ కుదరవలసిన జూన్‌లో కుండపోత. అక్టోబరు కత్తిరింపు తరువాత పూత వచ్చే వేళకు మళ్ళీ వాన, దానితో బూజు తెగులు. పిందె నీరడిగే జనవరిలో కుళాయి చిక్కిపోతుంది.

వేళ తెలిసినంత మాత్రాన తోటలు నిలుస్తాయనుకోవడమూ పొరపాటే. హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి ద్రాక్షను అక్కడ నాటినవారు అబ్దుల్ బాకర్ ఖాన్. ఆ తోటలు బావుల మీద, పిమ్మట బోర్ల మీద బతికాయి. భూగర్భజలం అడుగంటి, నగరం పెరిగి, వాటిలో చాలా తోటలు కనుమరుగయ్యాయి.

పెద్దావిడ ఓడలో వచ్చిన ద్రాక్షపండ్లు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. కాయని తీగకు నీళ్ళెందుకని అడిగాను.

"బియ్యం కడిగిన నీళ్ళే పోస్తాను బాబూ. దానికోసం డ్రమ్ము మూత తియ్యను. కాయకపోతేనేం, నీడనిస్తోంది" అన్నది.